సోమవారం, గురువారం, ఉదయం 10 గంటలకు: పాత కుర్చీల షెడ్డులో నా అనుభవం

జనవరి నెలాఖరున డాక్టరు గారు, డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే ఆ తొమ్మిది ప్రశ్నల కాగితాన్ని మళ్ళీ నా చేతికి ఇచ్చారు. ఒక్కొక్క ప్రశ్నకు 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. ఇరవై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసిన నాకు, మార్కులు తగ్గినందుకు సంతోషించవలసిన పరీక్ష ఇదొక్కటే తగిలింది. 2025 మే నెలలో 19 వచ్చిన చోట ఇప్పుడు 8 వచ్చింది. ఈ ఎనిమిది నెలల్లో మందుల పాత్ర ఎంతో, పాత సామాన్లు బాగుచేసే ఒక షెడ్డు పాత్ర ఎంతో నేను విడదీసి చెప్పలేను గానీ, అక్కడికి వెళ్ళే ముందు ఏం జరుగుతుందో చెప్పేవారు నాకు ఒక్కరూ దొరకలేదు కనుక, జరిగింది జరిగినట్టుగా రాస్తున్నాను.

2024 నవంబరులో మా అమ్మ పోయింది. చివరి పధ్నాలుగు నెలలు ఆమె మంచానికే పరిమితమై మా ఇంట్లోనే ఉంది. ఆమె పోయిన తరువాత కూడా తెల్లవారుజామున 4 గంటలకు, అంటే ఆమెకు మొదటి మాత్ర వేయవలసిన వేళకు, నాకు మెలకువ వచ్చేది. మాత్ర వేయడానికి ఎవరూ ఉండేవారు కారు, మళ్ళీ నిద్ర పట్టేది కాదు. ఫిబ్రవరిలో ఒక రోజు తరగతిలో బోర్డు మీద లెక్క సగం వరకు చేసి, తరువాతి మెట్టు ఏమిటో తోచక, చేతిలో చాక్‌పీసుతో అలాగే నిలబడిపోయాను. పిల్లలు మొదట నవ్వారు, తరువాత నవ్వడం మానేశారు. వార్షిక పరీక్షలు కాగానే రాజీనామా ఇచ్చి ఇంటికి వచ్చేశాను.

మే 21 రాత్రి సుమారు 2 గంటలకు, మా వారిని లేపకుండా వంటగదిలో కూర్చుని, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేశాను. అది రాత్రీ పగలూ పనిచేస్తుందని, తెలుగులో మాట్లాడతారని అంతకు ముందెప్పుడో విని ఉన్నాను. అవతలి అమ్మాయి దాదాపు ఇరవై నిమిషాలు ఓపికగా విని, ఇది వినడంతో తీరేది కాదని, వారం తిరగకుండా సైకియాట్రిస్టును కలవమని చెప్పింది. పెట్టేసే ముందు, "రేపు ఉదయం ఇంట్లో ఒక్కరికైనా చెప్తానని నాకు మాట ఇవ్వండమ్మా" అని అడిగింది. ఇచ్చిన మాట కోసం మా వారికి చెప్పాను.

ఇక్కడ విశాఖవాసులకు మాత్రమే ఉన్న ఒక ఇబ్బంది గురించి చెప్పాలి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల 1871 నాటిది. రాష్ట్రమంతటా ఎవరినైనా ఎగతాళి చేయాలంటే "వీణ్ణి వైజాగ్ పంపించాలి" అనడం నేను చిన్నప్పటి నుంచి వింటున్నాను. మనం ఆ వైజాగ్‌లోనే పుట్టి పెరిగినవాళ్ళం, ఇక ఎక్కడికి పంపుతారు? ఆ గేటు ముందు ఆటో దిగితే తెలిసినవారు ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో నేను ఉచితంగా దొరికే వైద్యాన్ని వదులుకుని, ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళాను. అక్కడ మే 26న రెండున్నర గంటలు నిరీక్షించి, 600 రూపాయలు ఫీజు కట్టి, పన్నెండు నిమిషాలు మాట్లాడాను. పైగా నా పక్క కుర్చీలో మా వీధిలోని మందుల షాపాయనే కూర్చుని ఉన్నారు. ఒకరినొకరు చూసుకుని, ఇద్దరం గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాము.

మాత్రలు మొదలుపెట్టిన తొలి పది రోజులు కడుపులో తిప్పినట్టు ఉండడం, నోరు ఎండిపోవడం తప్ప వేరే ఫలితం కనిపించలేదు. రెండు మూడు వారాలు పడుతుందని డాక్టరు గారు ముందే చెప్పకపోయి ఉంటే నేను అయిదో రోజే ఆపేసేదాన్ని. మూడో వారం చివరికి నిద్ర వచ్చింది. అయితే నిద్ర లేచి చేయవలసిన పని మాత్రం ఏమీ లేదు. జులైలో కలిసిన సైకాలజిస్టు గారికి ఈ మాటే చెప్పినప్పుడు, మనసు బాగుపడ్డాక పని మొదలుపెడదామని చాలామంది ఆగిపోతారని, చిన్న పని ముందు మొదలుపెడితే మనసు వెనకాలే రావడం తాము తరచుగా చూస్తామని చెప్పి, కంచరపాలెం వైపు ఒక ట్రస్టు నడిపే షెడ్డు ఫోన్ నంబరు రాసి ఇచ్చారు. ఇళ్ళలో వద్దనుకున్న మంచాలు, కుర్చీలు, బల్లలు వారు తెచ్చుకుని, బాగుచేసి, తక్కువ ధరకు అవసరమైనవారికి అమ్ముతారు. చేసేవారిలో సగం మంది నాలాంటివారే.

జులై 14న ఫోన్ చేస్తే మరునాడే రమ్మంటారని అనుకున్నాను. షెడ్డులో అడుగు పెట్టేసరికి ఆగస్టు 18 అయింది. ఈ 35 రోజులు ఎలా గడిచాయో చెప్తే మీకు ఉపయోగపడవచ్చు. మొదటి రెండు ఫోన్లకు ఎవరూ పలకలేదు, రంపాల చప్పుడులో వినపడదని ఇప్పుడు తెలుసు. జులై 22న వెళ్ళి కోఆర్డినేటర్ మేడమ్‌తో మాట్లాడాను. ఆధార్ నకలు, అత్యవసర సమయంలో ఫోన్ చేయవలసిన ఇద్దరి నంబర్లు, ధనుర్వాతం ఇంజెక్షను వేయించుకున్నట్టు చీటీ, ఈ పని చేయడానికి అభ్యంతరం లేదని డాక్టరు గారి లేఖ కావాలన్నారు. మిగిలినవన్నీ ఒక్క పూటలో కుదిరాయి గానీ, నాలుగు వాక్యాల ఆ లేఖ కోసం తొమ్మిది రోజులు తిరిగాను. కాబట్టి మీరు ఫోన్ చేసే రోజే లేఖ కూడా అడిగి పెట్టుకోండి. ఆమె నన్ను అడిగిన ప్రశ్నల్లో జబ్బు పేరు లేదు. మాత్రల వల్ల మత్తుగా ఉంటుందా, ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా, దుమ్ము పడదా అని మాత్రమే అడిగారు. కరెంటు రంపం, డ్రిల్లింగ్ మిషను వంటివాటిని మొదటి మూడు నెలలు ఎవరినీ ముట్టుకోనివ్వరు.

ఇంతలో ఇంటి చుట్టుపక్కల మరో చిక్కు వచ్చింది. వాలంటీరుగా వెళ్తున్నానని చెప్పగానే పక్కింటి ఆవిడ, "వాలంటీర్లను ఆపేశారు కదమ్మా, మళ్ళీ ఎప్పుడు తీసుకున్నారు? మా అమ్మాయికి కూడా చెప్పకపోయారా" అని నిష్ఠూరమాడింది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం యాభై ఇళ్ళకు ఒకరు చొప్పున, నెలకు 5,000 రూపాయలకు పెట్టిన ఉద్యోగం తప్ప ఆ మాటకు మన దగ్గర ఇప్పుడు వేరే అర్థం మిగల్లేదు. డబ్బు ఇవ్వరని చెప్తే ఆవిడ నమ్మలేదు. మా ఆడపడుచు నమ్మి, "డబ్బులివ్వకుండా వడ్రంగి పని చేయిస్తున్నారా వదినా, నీకేం ఖర్మ?" అంది. ఆ తరువాత ఎవరు అడిగినా "పని నేర్చుకోవడానికి వెళ్తున్నాను" అని చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. నా మొదటి రోజు మూడు రోజుల తరువాతి సోమవారం. మర్రిపాలెం నుంచి బస్సు ఎక్కడానికే ఇరవై నిమిషాలు పట్టింది, టికెట్టు మీద మాత్రం సున్నా అని ఉంది. 10 గంటలకు లోపలికి వెళ్తే పలకరింపులు, పరిచయాలు ఏమీ జరగలేదు. అరవై దాటిన వడ్రంగి మేస్త్రి గారు ఒక టేకు కుర్చీని నా ముందు పెట్టి, ఎమరీ కాగితం ముక్క చేతిలో పెట్టి, తన పనికి తాను వెళ్ళిపోయారు. పాత వార్నిష్ పోయే వరకు రుద్దాలని పక్కనున్న కుర్రవాడు చెప్పాడు. పావుగంట రుద్దేసరికి నా కళ్ళలోంచి నీళ్ళు కారడం మొదలైంది, ఎందుకో నాకే తెలియదు. అందరూ చూసే ఉంటారు, ఎవరూ పని ఆపలేదు. కాసేపటికి మేస్త్రి గారు వచ్చి, కుర్చీ చేతిని వేలితో తడిమి, "ఏటమ్మా, ఆ కుర్చీ ఏటి పారిపోద్దా, అంత జోరుగా రుద్దేస్తన్నారు? చారల ఎంబడే పోవాల. అడ్డంగా రుద్దితే గీతలడిపోతాయి" అన్నారు. కన్నీళ్ళ గురించి ఆయన ఒక్క మాట అనలేదు. గీతలు మాత్రం నిజంగానే పడ్డాయి, వాటిని తీయడానికి నాకు మరో రెండు రోజులు పట్టింది.

11.15కు టీ ఇస్తారు. దానికి అందరూ చేతుల్లోని పని కింద పెట్టి రావాలన్నది అక్కడ గట్టిగా పాటించే నియమం. కూర్చునేది ఆ వారం పూర్తయిన కుర్చీల్లోనే, ఊగితే ఆ కుర్చీ మళ్ళీ బల్ల మీదికి వెళ్తుంది. తమ జబ్బు గురించి చెప్పుకునేవారు చెప్పుకుంటారు, ఎదుటివారిని అడగడం మాత్రం లేదు. ఒకాయన మూడు నెలల పాటు నాతో మాట్లాడిన మాటలన్నీ స్క్రూల సైజుల గురించే. ఆయనకు చెవిలో గొంతులు వినిపించేవని, ఇప్పుడు చాలా వరకు తగ్గాయని ఆయనే డిసెంబరులో ఒకరోజు, టీ గ్లాసు కడుగుతూ, వాతావరణం గురించి చెప్పినట్టుగా చెప్పారు.

రెండో వారం నేను వెళ్ళలేదు. సోమవారం చీర కట్టుకుని, బ్యాగు తగిలించుకుని, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అక్కడే కూర్చుండిపోయాను. గురువారం చెప్పుల దాకా కూడా రాలేదు. సాయంత్రం కోఆర్డినేటర్ మేడమ్ ఫోన్ చేశారు. ఎందుకు రాలేదని అడుగుతారని సమాధానం కూడా సిద్ధం చేసుకున్నాను. "మీ కుర్చీ మీ మూలనే ఉందండి, మేస్త్రి గారు ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. స్థలం చాలడం లేదు, సోమవారం వస్తే ఆ చేతుల పని అయిపోతుంది" అన్నారు. బడిలో నేను ఇరవై ఏళ్ళు రాని పిల్లలకు ఫోన్లు చేశాను, ఇంత తెలివైన ఫోన్ ఒక్కటీ చేయలేదు. సోమవారం వెళ్ళాను.

అక్కడ బాగోనివి కూడా చెప్పాలి కదా. ప్రపంచంలోని తలుపులన్నీ బాగుచేసే ఆ షెడ్డులో ఆడవాళ్ళ బాత్రూము తలుపుకు అక్టోబరు వరకు గడియ లేదు. చివరికి నేనే బిగించాను, నేను స్వయంగా పూర్తిచేసిన మొదటి పని అదే. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కపోతలో రేకుల కప్పు కింద, మాత్రల వల్ల అసలే చెమట ఎక్కువ పట్టే నాకు, సీసాడు నీళ్ళు గంటలో అయిపోయేవి. వారు ఇచ్చే గుడ్డ మాస్కు చెక్క పొడికి చాలదు. దగ్గు మొదలయ్యాక నేను ఎన్95 మాస్కులు కొనుక్కున్నాను, ఒక్కొక్కటి 40 రూపాయలు.

ఒక ఆశ్చర్యం కూడా ఉంది. పాడైపోయి వచ్చే కుర్చీల్లో ఎక్కువ భాగం ఇంతకు ముందు ఇంట్లో ఎవరో "బాగుచేసినవే". కాలు ఊగగానే మనం చేసే పని మేకు దిగ్గొట్టడం. మేకు చెక్కను చీలుస్తుంది, సముద్రపు గాలికి తుప్పు పడుతుంది, కొన్నాళ్ళకు కాలు మళ్ళీ ఊగుతుంది, అప్పుడు ఇంకో మేకు కొడతాము. ఒక భోజనాల బల్ల కుర్చీ నుంచి నేను 23 మేకులు పీకాను. చేయవలసిందల్లా జాయింటు విప్పి, పాత జిగురంతా గీకేసి, కొత్తగా ఫెవికాల్ పెట్టి, క్లాంపు బిగించి, మరునాటి దాకా దాని వైపు చూడకుండా ఉండడమే. చూడకుండా ఉండడమే నాకు అన్నిటికంటే కష్టమైంది. ఇక తడి తగిలి ఉబ్బిన పార్టికల్ బోర్డు బల్లలు, బీరువాలు వస్తే మేస్త్రి గారు గేటు దగ్గరే వద్దంటారు. వాటిలో స్క్రూ నిలవదు.

మంచాల సంగతి వేరు. మంచం వస్తే ముందు పెరట్లో విడిగా పెట్టి, సందుల్లో సలసల కాగే నీళ్ళు పోసి, నాలుగు రోజులు ఎండనిస్తారు. నల్లుల భయం. అయితే షెడ్డుకు వచ్చే మంచాల్లో చాలా వాటికి నల్లులతో సంబంధం లేని కథ ఒకటి ఉంటుంది, ఇచ్చేవారు దానిని చెప్పరు. పోయినవారి మంచం ఇంట్లో ఉంచుకోకూడదంటారు కదా. మా అమ్మ మంచాన్ని కూడా పెద్దకర్మ మరునాడు పాత సామాన్లతనికి ఇచ్చేశాము. ఆమె పెళ్ళినాటి టేకు మంచానికి అతను 450 రూపాయలు ఇచ్చాడు. దానిని ఆటోలోకి ఎక్కిస్తుంటే, నేను లోపల వచ్చినవారికి కాఫీలు కలుపుతున్నాను.

సెప్టెంబరు చివర ఒకాయన చిన్న లారీలో నవారు మంచం తెచ్చారు. గేటు లోపలికి రాలేదు. "మా నాన్న గారి..." అని ఆగి, "పాతదండీ, బాగానే ఉంటుంది" అన్నారు. ఆ మంచం నాకు ఇచ్చారు. నవారు విప్పి, వేడినీళ్ళలో నానబెట్టి, ఉతికి ఆరేయడానికే మూడు పూటలు పట్టింది. పట్టె రుద్దుతుండగా తలవైపు నుంచి మూరెడు దూరంలో ఒక చోట చెక్క నున్నగా, చుట్టూ ఉన్నదానికంటే కాస్త నల్లగా ఉంది. లేవడానికి ఒక మనిషి ఏళ్ళ తరబడి చేత్తో పట్టుకున్న చోటు. మిగతా పట్టెతో సమంగా దానినీ రుద్దేయాలా అని మేస్త్రి గారిని అడిగాను. ఆయన అక్కడ తన చెయ్యి పెట్టి చూసి, "ఇది అరుగుడు కాదు టీచరమ్మా, పాలిష్షే. సేత్తో ఎట్టిన పాలిష్షు. వొగ్గీండి" అన్నారు. అమ్మ మంచం పట్టెకు కూడా అటువంటి చోటు ఉండే ఉంటుంది. నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ మంచానికి 1,800 రూపాయలు ధర పెట్టారు. ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పకూడదన్నది అక్కడి పద్ధతి. మొదట వచ్చిన కొత్త దంపతులకు మంచం నచ్చింది, "ఎవరిదండీ?" అని అడిగారు, ఒక పెద్దాయనదని చెప్పగానే ముఖాలు చూసుకుని స్టీలు మంచం తీసుకుని వెళ్ళిపోయారు. మూడు వారాలు అది అక్కడే ఉంది. తరువాత ఒక అపార్టుమెంటు వాచ్‌మన్ వచ్చాడు. విషయం చెప్తే, "మంచం మీద పోయాడా? అదృష్టవంతుడమ్మా, నాకూ అలాటిదే కావాల" అని నవ్వి, డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ రోజు ఇంటికి వచ్చి, చాలా నెలల తరువాత, మా వారికి ఒక సంగతిని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను.

అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చినప్పుడు షెడ్డు మూడు రోజులు మూసేశారు. తెరిచేసరికి సొరుగులన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. చిత్రిక పట్టి కాస్త తగ్గిద్దామని నేను అంటే మేస్త్రి గారు ఒప్పుకోలేదు. తడి చెక్కను చెక్కేస్తే ఎండాకాలంలో సందులు పడతాయట. ఆ నాలుగు సొరుగులూ నవంబరు మూడో వారానికి వాటంతట అవే కదిలాయి.

అప్పటికి నేను కదలలేని స్థితిలో ఉన్నాను. అమ్మ సంవత్సరీకం ముందు వారం నుంచే మళ్ళీ 4 గంటల మెలకువ మొదలైంది. కార్యక్రమం అయ్యాక రెండు వారాలు గది దాటలేదు. ఇంత చేసినా మళ్ళీ మొదటికే వచ్చిందని ఏడ్చాను. డాక్టరు గారు మోతాదు పెంచారు, ఇటువంటి తేదీల దగ్గర చాలామందికి ఇలా జరుగుతుందని చెప్పారు. ఈ సంగతి ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. సెప్టెంబరు, అక్టోబరు బాగా గడిచిన ధైర్యంతో, నాకిక మాత్రలు అవసరం లేదనుకుని, దీపావళి తరువాత ఎవరికీ చెప్పకుండా ఆరు రోజులు మానేశాను. చెక్క పని మాత్రలకు బదులు అనుకున్నాను. దయచేసి మీరు అలా చేయకండి. డిసెంబరు 4, గురువారం నాడు మళ్ళీ షెడ్డుకు వెళ్ళాను. నా మూలలో వేరొక ఆవిడ స్టూలు ఉంది. దానిని ఆవిడ జరిపింది, అంతే.

ఖర్చు గురించి అడిగేవారి కోసం: మే నుంచి జనవరి వరకు డాక్టరు ఫీజులు ఆరుసార్లకు 3,600, మాత్రలు నెలకు సుమారు 520 చొప్పున ఎనిమిది నెలలకు 4,160, సైకాలజిస్టుకు నాలుగుసార్లకు 4,000, అన్నీ కలిపి 11,760 రూపాయలు. నేను సిగ్గుపడకుండా చినవాల్తేరు గేటు దగ్గర దిగి ఉంటే ఇందులో ఎక్కువ భాగం మిగిలేది. షెడ్డుకు అయిన ఖర్చు మాస్కులు, ఎడమ బొటనవేలికి ఉలి దిగిన రోజు కట్టు, పనిలో పాడైన రెండు చీరలు. ఇప్పుడు పాత చుడీదార్లే వేసుకుని వెళ్తున్నాను.

భోగికి ముందు వారం ఆ షెడ్డుకు పెద్ద పండుగ. వీధుల్లో కుర్రాళ్ళు మంట కోసం పాత చెక్క సామాన్లు పోగుచేస్తారు కదా, వాటిలో మంచివి ఏరుకోవడానికి టాటా ఏస్ బండి వేసుకుని బయలుదేరుతారు. ఈసారి నన్నూ తీసుకువెళ్ళారు. ఊరికే అడిగితే ఎవరూ ఇవ్వరని అనుభవం మీద తెలుసు కనుక, బండిలో మామిడి కట్టెల మోపులు, పిడకల దండలు ముందే వేసుకున్నాము. మురళీనగర్ దగ్గర ఒక సందులో కుప్ప మీద చేతుల కుర్చీ ఒకటి తలకిందులుగా ఉంది. "అది మాకు కావాలి ఆంటీ, టేకు బాగా మండుద్ది" అని పదేళ్ళ వాడొకడు అడ్డం నిలబడ్డాడు. రెండు మోపులు ఇస్తానన్నాను, మూడన్నాడు. మూడు మోపులు, ఒక పిడకల దండ దగ్గర బేరం తెగింది. దండ పొడవు వాడే మూరలు వేసి కొలిచి చూసుకున్నాడు. లెక్కలు బాగా చేస్తాడు.

కనుమ వెళ్ళాక దానిని బల్ల మీద పెట్టి చూశాము. వెనుక కుడికాలు సగానికి విరిగింది, వీపు పలక మంచిదే, మేకులు నాలుగే. కొత్త కాలు చేయించడానికి ఇచ్చాము, పది పన్నెండు రోజులు పడుతుందన్నారు. ఈలోగా పాత వార్నిష్ తీసేయమని మేస్త్రి గారు ఎమరీ కాగితం ఇచ్చారు.